రమ కూర్చున్న మెట్టు

పొద్దున్న అయిదింటికి కలకత్తా గార్డెన్ రీచ్ ఘాట్‌లో జరిగే పనులు రోజూ ఒకటే. అప్పలసూరి మోటారుబోటులో డీజిలు పోస్తాడు. తమ్ముడు ఉమామహేశ్ హేండిలు తిప్పి, మూడోసారికో నాలుగోసారికో ఇంజన్ని దగ్గించి లేపుతాడు. వాళ్ళమ్మ అప్పమ్మ గుమ్మంలో కూర్చుని, కోడళ్ళిద్దరికీ వినబడేలా మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పుకుంటుంది. పెద్దకోడలు జగ్గమ్మ టీ కాస్తుంది. చిన్నకోడలు రమాకుమారి అంట్లగిన్నెల బుట్ట చంకనెట్టుకుని ఘాట్ మెట్లు దిగి, కిందనుంచి తొమ్మిదో మెట్టు మీద కూర్చుంటుంది. ఆమె కూర్చోగానే నది బురద దాటుకుని వచ్చి, ఒక్కో మెట్టే ఎక్కి, ఆమె కాలివేళ్ళ దగ్గర ఆగుతుంది. రమ అంట్లు తోముకుంటుంది. అంతవరకూ బురదలో పక్కకి ఒరిగి పడున్న బోట్లన్నీ లేచి నిలబడతాయి.

"రమ కూకున్నాదిరా, తాళ్ళిప్పండి!" అని అప్పలసూరి కేకేస్తాడు.

రమ లేచి ఇంటికెళ్ళిపోతే నీళ్ళూ తీసిపోతాయి. సాయంత్రం బట్టలుతకడానికి మళ్ళీ వస్తే నీళ్ళూ మళ్ళీ వస్తాయి. రోజుకి రెండుసార్లు. అంతకుముందు హుగ్లీలో, అంటే ఇక్కడి గంగలో, పోటు చంద్రుణ్ణి చూసుకుని వచ్చేదట. రమ కాపరానికొచ్చిన ఈ తొమ్మిదేళ్ళుగా రమని చూసుకుని వస్తోంది. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. పక్క ఘాట్ల బోటువాళ్ళు ముందురోజే ఉమామహేశ్‌కి ఫోన్ చేసి, "దాదా, రేపు బౌదీ ఎన్నింటికి కూర్చుంటారు?" అని కనుక్కునేవాళ్ళు. బౌదీ అంటే వదినగారు. రమకి జ్వరమొచ్చి రెండ్రోజులు లేవకపోతే, ఆ రెండ్రోజులూ అందరూ పేకాడుకున్నారు. అంతే తప్ప ఎవరూ ఏమీ అనలేదు.

జగ్గమ్మ మాత్రం కుళ్ళిపోయింది. మెత్తగా చెప్పడం నావల్ల కాదు, ఉన్నమాటే చెబుతున్నాను.

ఆమె బాధ ఆమెది. శ్రీకాకుళం జిల్లా బారువనుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చింది. వచ్చిన కొత్తలో పోటు ఎప్పుడొస్తుందో తెలియక అప్పలసూరి నానాపాట్లు పడేవాడు. బెంగాలీ పంచాంగం, పంజిక అంటారు, అందులో పోటు వేళలన్నీ ఉంటాయని ఎవరో చెప్పారు. ఇంట్లో ఎవరికీ బెంగాలీ చదవడం రాదు. జగ్గమ్మ తెలుగే ఐదో తరగతి వరకు చదివింది. అయినా పంతం పట్టి, ఎదురింటి పిల్లల పలకమీద అక్షరాలు దిద్ది, ఏడాది తిరిగేసరికి పంజిక చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత ఘాట్‌లో ఆమె మాటకి తిరుగులేదు. తెలుగువాళ్ళే కాదు, బోట్లు నడిపే బెంగాలీ సరంగులు కూడా వచ్చి, పంజిక వాళ్ళ చేతిలో ఉన్నా సరే, "జొగా దీదీ, జొవార్ కొఖోన్?" అని అడిగేవారు. పోటు ఎప్పుడని. జగ్గమ్మ చీరకొంగుతో చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి వెతికి, గంటా నిమిషం చెప్పేది. పదేళ్ళు అలా చెప్పింది.

తర్వాత ఉమామహేశ్‌కి పెళ్ళయింది. కొత్తకోడల్ని హౌరా స్టేషన్నుంచి తీసుకొచ్చి, ఇంట్లో కాలు పెట్టేముందు గంగమ్మకి దండం పెట్టించడానికి ఘాట్‌కి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. నీళ్ళెక్కడో దూరంగా ఉన్నాయి, ఇవతలంతా బురద. "పోటు నాలుగున్నరకి గాని రాదు" అని జగ్గమ్మ చెప్పింది. హారతిపళ్ళెం పట్టుకుని ఐదో మెట్టు మీద నిలబడింది కూడా ఆమే. రమ తొమ్మిదో మెట్టు మీద నిలబడి చేతులు జోడించింది. నది బయల్దేరింది. బురద దాటింది, మెట్లెక్కింది. జగ్గమ్మ నిలబడ్డ చోటికొచ్చాక రెండుగా చీలి, ఆమె పాదాల్ని వదిలేసి అటూ ఇటూ పైకెళ్ళి, రమ వేళ్ళు తడిపి ఆగింది. అందరూ సంతోషించారు. అప్పమ్మ, "లచ్చిమి నడిసొచ్చినాది!" అంది. జగ్గమ్మ ఒక్కతే కిందకి చూసుకుంది. చుట్టూ నీళ్ళు, తన కాళ్ళ కింద మాత్రం పొడి రాయి.

ఆ రోజునుంచి పంజిక ఎవరికీ అక్కర్లేకపోయింది. చదువు రాని, చేతి గడియారం కూడా లేని పిల్ల అంట్లు తోముకోడానికొస్తే సరిపోయేది. జగ్గమ్మ మాత్రం ఏటా కొత్త పంజిక కొనేది. ఎందుకే అని మొగుడడిగితే దాన్ని సంచిలో దాచేసేది. పోనీ రమ పొగరుబోతా అంటే, అదీ కాదు. "అప్పా, అప్పా" అంటూ సొంత అక్కలాగా వెంట తిరిగేది. జగ్గమ్మకి తలనొప్పొస్తే తనే అమృతాంజనం రాసేది. ఆ చల్లటి వేళ్ళు నుదుటిమీద ఆనితే జగ్గమ్మకి హాయిగా ఉండేది, హాయిగా ఉందని ఒళ్ళు మండేది. కోపం తెచ్చుకోడానికి ఒక్క కారణమైనా ఇవ్వని మనిషిమీద కోపంగా ఉండటమంత నరకం ఇంకోటి లేదు.

ఇక బోటు సంగతి. ఏటా జ్యేష్ఠమాసంలో, వానలు పడకముందు, ఇక్కడి మన తెలుగువాళ్ళంతా బోటెక్కి డైమండ్ హార్బర్ దాకా వెళ్ళొస్తారు. గంగమ్మ సముద్రానికి దగ్గరపడే చోటు కదా, అక్కడ ఆమెకి ఆడపడుచుకిచ్చినట్టు సారె ఇస్తారు. కొత్త చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ, చలిమిడి పెట్టి నీళ్ళమీద వదులుతారు. ఏ ఆడమనిషి చేతులమీదుగా సారె వెళుతుందో ఆమె పేరే బోటుకి. ముప్ఫై ఏళ్ళుగా అప్పమ్మ ఇచ్చింది, కాబట్టి బోటుమీద ముప్ఫై ఏళ్ళుగా 'అప్పమ్మ' అని తెలుగులోనూ బెంగాలీలోనూ రాసుంది. ఈ ఏడు అప్పమ్మ మోకాళ్ళు చేతులెత్తేశాయి. నీళ్ళలో దిగలేనంది. ఉమామహేశ్ వారంరోజులుగా బోటులోనే పడుకుంటూ కొత్తరంగులు వేశాడు. ముందుభాగంలో పేరు రాసే చోటు ఖాళీగా వదిలేశాడు.

జగ్గమ్మకి ఆ ఖాళీ జాగా తప్ప ఇంకేం కనబడలేదు. పెద్దకోడలు తను. ఈ బోటులో నీళ్ళు తోడింది, ఇంజన్లో నూనె మార్చింది, జ్వరంతో ఉన్న మొగుణ్ణి కూర్చోబెట్టి తనే చుక్కాని పట్టింది. నది తనని ఎలాగూ గుర్తుపట్టలేదు. కనీసం బోటైనా తన పేరు మోస్తే చాలనుకుంది.

ప్రయాణానికి రెండ్రోజుల ముందు అప్పమ్మ అన్నం తింటూ అనేసింది. "సారె రమ సేత ఇప్పిద్దారి. గంగమ్మకి అదంటే ఇష్టం గదా."

"అప్ప ఉండగా నానేటత్తా?" అంది రమ.

"నువ్వూరుకోయే. అలగే సెయ్యండి."

జగ్గమ్మ వంటింట్లో ఉండి విన్నది. అత్త మాటకన్నా, తోటికోడలు వద్దన్న మాటే ఆమెని ఎక్కువ కాల్చింది. తనకి దక్కాల్సింది ఇంకొకరు దయతలిచి ఇస్తామంటున్నారు! గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పప్పు మాడింది.

ప్రయాణం రోజు రమ తెల్లారే ఘాట్‌లో కూర్చుంది, బోటు లేచింది. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు పులిహోర డబ్బాలతో, నీళ్ళ కేన్లతో ఎక్కారు. అప్పమ్మని కుర్చీతో సహా ఎత్తి ఎక్కించారు. రమ సంచి బోటులో పెట్టి, చేటలో సామాను ఒకసారి చూసుకుంది.

"చలిమిడి గిన్నె ఏదప్పా?"

"ఇంటికాడే ఉండిపోనాది కావాల. పరిగెట్టి తే" అంది జగ్గమ్మ.

గిన్నె బియ్యం డబ్బా వెనకాల ఉంది. అక్కడ పెట్టింది జగ్గమ్మే.

రమ అటు వెళ్ళగానే నీళ్ళు మెల్లగా దిగడం మొదలెట్టాయి. అప్పలసూరి గడియారం చూసుకుని, "ఏదే అది? ఇంకో పది నిమిషాలైతే బోటు కూరుకుపోద్ది" అని గోల పెట్టాడు.

అప్పుడు జగ్గమ్మ ఆ మాటంది. అత్తకి, ఆడవాళ్ళకి వినబడేంత మెల్లగా, మగవాళ్ళకి అర్థమయ్యేంత గట్టిగా అంది. "రమ రాదు. బయటున్నాది."

బయటుంటే ఆడమనిషి సారె బోటెక్కదు. ఇంకో ప్రశ్న అడగడానికుండదు. మగాళ్ళు తలలు తిప్పేసుకున్నారు. వారంరోజులుగా ఇంట్లో పడుకోని ఉమామహేశ్ ఏం చెప్పగలడు, ఇంజనుకేసి చూస్తూ ఉండిపోయాడు. అప్పమ్మ మాత్రం, "ఇందాక సేట ముట్టుకున్నాది గదే?" అంది.

"ఇప్పుడే తెలిసినాది. సేట మార్చీసినాను" అంది జగ్గమ్మ. ఇలాంటి అబద్ధం ఒకటి మొదలెడితే రెండోది దానంతటదే నోట్లోకొచ్చేస్తుంది.

"మరి తిరిగొచ్చీటప్పుడు పోటెలగ?" అన్నాడు అప్పలసూరి.

జగ్గమ్మ సంచిలోంచి పంజిక తీసింది. "ఒంటిగంట పదికి పోటు. సెందురుడేటి సచ్చిపోనాడా?"

బోటు బయల్దేరింది.

ప్రయాణం మాత్రం బ్రహ్మాండంగా సాగింది. తీసిపోయే నీళ్ళతో పాటు బోటు జారినట్టే పోయింది. బజ్‌బజ్ పొగగొట్టాలు దాటాయి, ఇటుకబట్టీలు దాటాయి. నది వెడల్పయ్యేకొద్దీ గాలి చల్లబడింది. ఆడవాళ్ళు పాటలెత్తుకున్నారు. జగ్గమ్మ ముందుభాగంలో, పేరు లేని చోటుకి సరిగ్గా పైన కూర్చుంది. ఒడ్డునున్న వాళ్ళు చెయ్యూపితే తనూ ఊపింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెకి నది అందంగా కనబడింది. వెనక రమ సంచిలో ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఎవరూ తియ్యలేదు.

తొమ్మిదిన్నరకి డైమండ్ హార్బర్ చేరారు. పాత కోట గోడలకి ఇవతల బోటు కట్టారు. అప్పమ్మ కుర్చీలోంచే చేతులు జోడించింది. జగ్గమ్మ కొత్తచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేట నెత్తిన పెట్టుకుని దిగింది.

నీళ్ళు పదడుగుల దూరంలో ఉన్నాయి. పదడుగులు నడిచింది. నీళ్ళు ఇంకో పదడుగులు వెనక్కి జరిగాయి. సరే, ఇంకా తీస్తున్నాయి కాబోలనుకుని మళ్ళీ నడిచింది. మళ్ళీ జరిగాయి. చీలమండ దాకా ఉన్న బురద పిక్కల దాకా వచ్చింది, తర్వాత మోకాళ్ళు దాటింది. సారె తీసుకోడానికి నది లేదు. వెనక్కి తిరిగి చూస్తే బోటు ఒడ్డున పక్కకి ఒరిగిపోయింది. పులిహోర డబ్బాలు దొర్లుతున్నాయి, కుర్చీతో సహా జారిపోతున్న అప్పమ్మని ఇద్దరు పట్టుకున్నారు.

ఒంటిగంట పదైంది. పోటు రాలేదు. రెండైంది. అవతలి ఒడ్డుకెళ్ళే ఫెర్రీ కూడా బురదలోనే ఉంది. గొడుగులేసుకున్న జనం టికెట్లమ్మే పెద్దమనిషిని తిడుతున్నారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఏమయ్యా, ఇవాళ పోటెందుకు రాలేదో నీకేమైనా తెలుసా?" అని ఉమామహేశ్‌ని బెంగాలీలో అడిగాడు.

"మా ఆవిడ రాలేదు దాదా."

"అలా చెప్పు మరి. రమ్మని ఫోన్ చెయ్యి" అన్నాడాయన, జనంకేసి తిరిగి అదే మాట గట్టిగా చెప్పాడు. జనం కాస్త తగ్గారు.

ఉమామహేశ్ ఫోన్ తీసేలోపే అది మోగింది. పక్కింటి మేరీరాణి. ఇంజను దగ్గర చెవులు దిమ్మెక్కిన మనిషి కాబట్టి అతనెప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు.

"ఒరే ఉమా! నీ పెళ్ళాన్ని లెగమని సెప్పరా బాబూ. నీళ్ళు నా వొంటింట్లోకి వొచ్చీసినాయి, గేస్ బండ తేలిపోతంది! తొమ్మిదింటినుంచి సలిమిడి గిన్నె ఒళ్ళో ఎట్టుకుని మెట్టుమీద కూకున్నాది. గంగంతా ఇక్కడే ఉన్నాది. ఎవురు సెప్పినా లెగదు!"

"బయటున్న మనిషి ఘాట్‌లో ఏల కూకున్నాది?" అన్నాడు ఉమామహేశ్.

"ఎవుర్రా బయటున్నది? దానికి వారమైనాది తలకి నీళ్ళోసుకుని. అది గిన్నట్టుకుని పరిగెట్టుకొచ్చీసరికి మీరెల్లిపోనారు. ఒడ్డునున్నోలు 'బయటున్నావంట గదా, ఇలగేల తిరుగుతున్నావు' అని దాన్నే తిట్టినారు. ఇంట్లో ఏడిసి ఏడిసి, అప్పుడొచ్చి కూకున్నాది."

అందరూ ఒక్కసారే జగ్గమ్మకేసి తిరిగారు. ఆమె బోటుకీ నీళ్ళకీ మధ్య, మోకాళ్ళు దాటిన బురదలో, నెత్తిన చేటతో నిలబడి ఉంది. అక్కడినుంచి పారిపోవాలన్నా కాళ్ళు రావు.

"ఫోనిలాగియ్యి" అంది చివరికి.

అప్పలసూరే బురదలోకి దిగి తెచ్చిచ్చాడు. పెళ్ళాం మొహం చూడలేదు. మేరీరాణి ఫోన్ రమకిచ్చింది. వెనక నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

"ఏల సెప్పినావప్పా?" అంది రమ.

జగ్గమ్మకి స్పీకర్ ఆపడం తెలియదు. తెలిసినా ఆపేది కాదేమో. "కుళ్ళు రమా" అంది. "కుళ్ళుతోనే సెప్పినాను. పదేళ్ళు కళ్ళు కాయలుకాసేలాగ సదివినాను ఆ పంజిక. నువ్వు అంట్లగిన్నెలట్టుకొచ్చి కూకుంటే సాలు, వొచ్చీసేది. నాకాడికొచ్చి ఒక్కసారైనా ఆగినాదా? నీ మొకం సూస్తే నాకు మంటే. నువ్వు మంచిదానివి గదా, ఇంకా మంట. నువ్వొచ్చిన కాడినుంచీ నాను నవ్వినదంతా దొంగనవ్వే."

ఇవతల బోటులో అప్పమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అవతల రమ ఏడ్చిందో లేదో తెలియలేదు.

"బస్సెక్కుతాను" అంది.

ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కితే డైమండ్ హార్బర్ రెండుగంటల ప్రయాణం. రమ కిటికీ పక్కన కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఆ రోడ్డు నదికి దూరంగా పోతుంది కాబట్టి బస్సులో ఎవరికీ ఏమీ తెలియలేదు. నది ఒడ్డున ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్ళు మాత్రం, నీళ్ళన్నీ మూటకట్టుకున్నట్టు దక్షిణానికి పోవడం చూసి, గోనెలు తడవకుండా పైకి లాక్కున్నారు. సాయంత్రం నాలుగున్నరకి బస్సు దిగి, టీకొట్టు పక్కనుంచి రమ గట్టెక్కింది. ఆమె చెప్పులు విడిచి మెట్టు దిగేసరికి నీళ్ళు బురదంతా కప్పేసి వచ్చి కాళ్ళ దగ్గర ఆగాయి. బోటు నిటారుగా లేచింది. ఫెర్రీ హారన్ కొట్టింది, జనం తోసుకుంటూ ఎక్కారు.

నడుముదాకా నీళ్ళలో తేలిన జగ్గమ్మ ఒడ్డుకొచ్చింది. చేట ఇంకా నెత్తినే ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"సేట నువ్వట్టుకోయే రమా" అని బోటులోంచి అప్పమ్మ అరిచింది. "దాని మొకానికి సారొకటి!"

రమ గిన్నె తీసి జగ్గమ్మ నెత్తిమీది చేటలో పెట్టింది. "అప్పే ఇయ్యాలత్తా. బోటుకి నా పేరెడితే అప్ప రోజూ దాన్నే సూడాల. నావల్ల గాదు." జగ్గమ్మ వైపు తిరిగి, "నడువప్పా, నాను నీ ఎనక నిలబడతాను" అంది.

వద్దు, నువ్వే ఇయ్యి అనాలి జగ్గమ్మ. అనడానికి నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసేసుకుంది. ఇంత జరిగాక కూడా ఆమెకి ఆ పేరు కావాలి, అంతలా కావాలి. సిగ్గుతో మెడ వాలిపోతున్నా చేట రెండుచేతులా పట్టుకుని నీళ్ళమీద వదిలింది. వెనక రమ ఉంది కాబట్టి గంగమ్మ మర్యాదగా అందుకుంది. చేట ఒకసారి గుండ్రంగా తిరిగి, సముద్రంకేసి వెళ్ళింది.

అందరూ బోటెక్కారు. రమ ఎక్కలేదు.

"రా" అన్నాడు ఉమామహేశ్.

"నాను మరి గార్డెన్ రీచ్ రాను. ఇక్కడే ఉంటాను."

"ఇంత కోపమేటే?" అంది అప్పమ్మ.

"కోపం నేదత్తా. జడుపు. అప్ప పక్కన పడుకుని, రేపు నామీద ఏటి సెప్తాదో అని ఆలోసించుకోలేను. నాకు కూడు దిగదు." గొంతు పెంచకుండా చెప్పింది. జగ్గమ్మ బోటులో ఓ మూల నిలబడి ఆ మాటలన్నీ విన్నది. తిట్టినా బాగుండేది.

టికెట్ల పెద్దమనిషికి తెలుగు రాదు గానీ సంగతి పట్టేశాడు. పోటుని తెచ్చే మనిషి తన ఊళ్ళోనే ఉంటానంటే ఆయనకంతకన్నా ఏం కావాలి? ఫెర్రీ ఇంజను చూసుకోడానికి మనిషి కావాలని, టీకొట్టు మీద గది ఖాళీగా ఉందని అప్పటికప్పుడే చెప్పేశాడు. ఉమామహేశ్ అన్నకేసి చూశాడు. అప్పలసూరి తలూపాడు. ఉమామహేశ్ తన సంచీ, రమ సంచీ తీసుకుని బోటు దిగిపోయాడు. రమ గదిలోకి వెళ్ళగానే నీళ్ళు బోటుని ఎత్తుకుని కలకత్తా వైపు బయల్దేరాయి. ఇంజను అప్పలసూరే చూసుకున్నాడు, చుక్కాని జగ్గమ్మ పట్టింది. దారిపొడుగునా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

మర్నాడు పెయింటర్ వచ్చి ఖాళీ జాగాలో 'జగ్గమ్మ' అని రెండు భాషల్లోనూ రాశాడు. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు. ఆమె ఒక్కతే ఘాట్‌లో నిలబడి చూసుకుంది. చాలా బాగా రాశాడు.

అదిగో, అప్పటినుంచే పోటు డైమండ్ హార్బర్‌కి ముందూ, గార్డెన్ రీచ్‌కి రెండుగంటలు వెనకా రావడం. రమ అక్కడ మెట్టుమీద కూర్చుంటుంది, నీళ్ళు ఆమె దగ్గరికొస్తాయి. కాసేపటికి లేస్తే అప్పుడు ఇటు బయల్దేరతాయి. లేచేముందు రమ రోజూ రెండుపూటలా జగ్గమ్మకి ఫోన్ చేస్తుంది. "అప్పా, లెగుస్తున్నాను. వొస్తంది" అని, అంతే. "సరే" అని జగ్గమ్మ పెట్టేస్తుంది. 'జగ్గమ్మ' బోటు ఆ ఫోన్ వచ్చేదాకా బురదలో ఒరిగి పడుంటుంది. జగ్గమ్మ ఐదో మెట్టు మీద కూర్చుని ఎదురుచూస్తుంది. నీళ్ళొస్తాయి. ఇప్పుడవి చీలిపోయి పక్కనుంచి పోవడంలేదు, నేరుగా వచ్చి ఆమె కాలివేళ్ళు తడుపుతాయి. తొమ్మిదేళ్ళు ఏడ్చింది దీనికోసమే. కానీ కాళ్ళు తడిసిన ప్రతిసారీ ఆమెకి ఒకటే గుర్తొస్తుంది. ఇవి రమని తాకాక మిగిలిన నీళ్ళు. ఎంగిలి నీళ్ళు. కుళ్ళు పోలేదు మరి, పోయిందని అబద్ధమెందుకు చెప్పాలి? ఇప్పుడది కుళ్ళో బెంగో ఆమెకే తెలియకుండా పోయింది. సాయంత్రం తలనొప్పొస్తే అమృతాంజనం తనే రాసుకుంటోంది.

ఆషాఢం వెళ్ళాక ఒకరోజు, వాన పడి వెలిసిన మధ్యాహ్నం, ఫోన్ మోగింది.

"అప్పా, లెగుస్తున్నాను. వొస్తంది."

జగ్గమ్మ సరే అనలేదు. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది. "నీ కాళ్ళు కడిగిన నీళ్ళే గదే నాకొచ్చీది."

అవతల రమ, పొరపాటు తనదే అన్నట్టు మెల్లగా అంది. "కాదప్పా. ఇక్కడికొచ్చిన కాడినుంచీ నాను కాళ్ళు పైకెట్టుకుని కూకుంటున్నాను. బాసింపట్టేసుకుని. అవి మెట్టుదాకా వొచ్చి ఊరికే నిలబడతాయి, నన్ను ముట్టుకోవు. ముందు నీకే తగలాలని. తగలట్లేదా ఏటి?"

జగ్గమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. రెండునెలలు. రోజుకి రెండుసార్లు. పిక్కలు పట్టేసినా, ఎండలో కాళ్ళు కాలినా, ఎదురుగా అన్ని నీళ్ళు పెట్టుకుని, ఆ పిల్ల ఒక్కసారైనా వేలు ముంచలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఘాట్‌లో బోటువాళ్ళు తాళ్ళు పట్టుకుని ఇటే చూస్తున్నారు. చూస్తే చూశారు.

"అప్పా? ఉన్నావా? లెగనా మరి?"

"లెగకు" అంది జగ్గమ్మ ముక్కు చీదుకుంటూ. "బోటు రేపెల్తాదిలే. ముందు కాళ్ళు దింపే, గుంటా. నీళ్ళల్లో ఎట్టి కూకో. తిన్నావా, నేదా, అది సెప్పు."